ఇరవై ఏళ్ల మాట: జాకిర్ హుసేన్ సాహెబ్, ఆయన తోటి ఉస్తాదులు

మన ఊళ్లలో ఎవరైనా ఒక విద్యాసంస్థ పెట్టాలని సంకల్పించినప్పుడు మొదట స్థలం గురించి చర్చ సాగుతుంది. తర్వాత చందాలు, ఆపైన భవనం, దాని ముందు కట్టే కమాను. ఉపాధ్యాయుల ప్రస్తావన చిట్టచివర వస్తుంది. అదైనా ఎంతమంది కావాలి, నెలకు ఎంత ఇస్తే సరిపోతుంది అన్నంతవరకే. ఆ వచ్చే పదిమందీ ఏ ఉద్దేశంతో కలసి పనిచేస్తారు, ఒకరి తరగతిలో ఏం జరుగుతుందో మరొకరికి తెలుస్తుందా, బడి కష్టంలో పడితే వాళ్లలో ఎంతమంది నిలబడతారు అన్న ప్రశ్న సాధారణంగా ఎవరి నోటా రాదు. పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్న మాబోటివారికి ఈ ప్రశ్న ఎప్పుడూ మనసులో మెదులుతూనే ఉంటుంది. అందుకే ఈ వారం డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ జీవితాన్ని పాఠకుల ముందు ఉంచదలచాం.

ఆయన భారత రాష్ట్రపతి అయిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. 1957 నుంచి 1962 వరకు బీహారు గవర్నరుగా, తర్వాత అయిదేళ్లు ఉపరాష్ట్రపతిగా, 1967 మే 13 నుంచి రాష్ట్రపతిగా ఉన్నారు. 1963లో భారతరత్న వచ్చింది. ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. మేము చెప్పదలచుకున్నది అంతకుముందు ఇరవై రెండేళ్ల సంగతి. 1926 నుంచి 1948 వరకు ఆయన జామియా మిల్లియా ఇస్లామియాకు పెద్ద ఉస్తాదుగా, అక్కడివారి మాటలో షేఖుల్ జామియాగా గడిపిన రోజుల సంగతి. ఆ రోజుల్లో ఆయన దగ్గర అధికారం లేదు, డబ్బు లేదు. ఉన్నవారల్లా తోటి ఉపాధ్యాయులే.

జాకిర్ హుసేన్ 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే పుట్టారు. వారి పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్‌లో స్థిరపడిన అఫ్రీదీ పఠానులు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ హైదరాబాదు వచ్చి న్యాయవాదిగా పేరు, సంపద గడించి బేగంబజారులో ఇల్లు కట్టుకున్నారు. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ మూడోవారు. 1907లో తండ్రి చనిపోవడంతో కుటుంబం కాయంగంజ్‌కు తిరిగివెళ్లింది. నాలుగేళ్లకు, 1911లో, తల్లి నాజ్‌నీన్ బేగంను ప్లేగు పొట్టన పెట్టుకుంది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్లు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుసేన్ ఖాన్ తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులయ్యారు గనుక ఈ కుటుంబానికి మన నగరంతో బంధం తెగిపోలేదు.

తల్లిదండ్రులు లేని ఆ బాలుణ్ణి నిలబెట్టింది ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు. అక్కడి ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుసేన్ సాహెబ్ క్రమశిక్షణలో కఠినులు, పిల్లల మీద మమకారంలో తండ్రివంటివారు. మరో వంక కాయంగంజ్‌లో హసన్ షా అనే సూఫీ మహనీయుడు ఉండేవారు. ఆయనకు పుస్తకాలంటే ప్రాణం. సెలవుల్లో ఇంటికి వచ్చిన జాకిర్ చేత గ్రంథాలకు నకళ్లు రాయించేవారు. బడి అంటే అక్కడ పనిచేసే మనుషుల నడవడి అన్న సంగతి ఆయనకు ఈ ఇద్దరు పెద్దల నీడలోనే ఒంటబట్టి ఉంటుందని మా ఊహ.

తర్వాత అలీగఢ్. అక్కడి మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీలో ఎం.ఏ. చదువుతూ, కొంత పాఠాలు కూడా చెబుతున్న రోజుల్లో 1920 వచ్చింది. ఖిలాఫత్, సహాయ నిరాకరణోద్యమాలు దేశాన్ని కుదిపేస్తున్న సంవత్సరం అది. ఆ అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు కాలేజీకి వచ్చి, ప్రభుత్వ గ్రాంటుతో నడిచే చదువును వదలిపెట్టమని విద్యార్థులను కోరారు. ఆ ప్రసంగాలను కొందరు విద్యార్థులు ఎగతాళి చేయడం చూసి జాకిర్ హుసేన్ సిగ్గుతో కుంగిపోయారు. ఆ వెంటనే ఢిల్లీ వెళ్లి హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ, మౌలానా మహమ్మద్ అలీలను కలిశారు. ఒక స్వతంత్ర జాతీయ విద్యాసంస్థ పెట్టే పక్షంలో అందులోకి వచ్చేందుకు విద్యార్థులూ ఉపాధ్యాయులూ సిద్ధంగా ఉన్నారని విన్నవించారు. ఉద్యమ నాయకులు పిలిస్తే పిల్లలు రావడం ఎక్కడైనా ఉంది. ఇక్కడ పిల్లలే వెళ్లి పెద్దలను పిలిచారు!

1920 అక్టోబరు 29న అలీగఢ్ కాలేజీ మసీదులోనే జామియాకు ప్రారంభోత్సవం జరిగింది. దేవ్‌బంద్ పెద్దలు షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ (రహ్మ.) మాల్టా చెరనుంచి విడుదలై వచ్చి, తీవ్ర అనారోగ్యంతో ఉండి కూడా ఆ సభకు తరలివచ్చారు. మాట్లాడే ఓపిక లేకపోవడంతో వారి ప్రసంగాన్ని మౌలానా షబ్బీర్ అహ్మద్ ఉస్మానీ చదివి వినిపించారు. ఆ తర్వాత నెలరోజులు నిండాయో లేదో షేఖుల్ హింద్ కన్నుమూశారు. మదర్సాలో చదువుకున్న మాకు ఈ ఘట్టం మీద ప్రత్యేకమైన అభిమానం ఉందని దాచనక్కరలేదు. మదర్సా చదువు, ఇంగ్లీషు చదువు ఒకదాని ముఖం ఒకటి చూడని కాలంలో ఒక దేవ్‌బందీ ఆలిం చేతుల మీదుగా ఒక ఆధునిక విద్యాసంస్థ పుట్టింది. హకీం అజ్మల్ ఖాన్ అమీరె జామియా, మౌలానా మహమ్మద్ అలీ మొదటి షేఖుల్ జామియా అయ్యారు.

ఉద్యమం వేడిలో పుట్టిన బడి ఆ వేడి చల్లారగానే చిక్కుల్లో పడింది. 1922లో సహాయ నిరాకరణ ఆగిపోయింది. 1924 మార్చిలో తుర్కీలోనే ఖిలాఫత్ రద్దయింది. ఖిలాఫత్ కమిటీ నుంచి వచ్చే డబ్బు నిలిచిపోయింది. విద్యార్థులు పలచబడ్డారు. ఇక మూసివేయడమే మేలని పెద్దల్లో చాలామంది అనసాగారు. హకీం సాహెబ్ మాత్రం ససేమిరా అన్నారు. గాంధీజీ కూడా అవసరమైతే జామియా కోసం జోలె పడతానని ధైర్యం చెప్పారు. 1925లో సంస్థను అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు, హకీం సాహెబ్ నడిపే తిబ్బియా కాలేజీ దాపుకు, అద్దె ఇళ్లలోకి మార్చారు.

ఇదంతా జరుగుతున్నప్పుడు జాకిర్ హుసేన్ జర్మనీలో ఉన్నారు. 1922లో వెళ్లి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ కోసం చదువుతున్నారు. పుస్తకాలకే అంటిపెట్టుకొని ఉండే స్వభావం కాదాయనది. అక్కడి కావియానీ ముద్రణాలయంలో కూర్చుని, తన చేతులతోనే టైపు కూర్చి, దీవానె గాలిబ్‌ను అందమైన చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ విద్యావేత్త పిల్లలకు చేతిపని ద్వారా చదువు నేర్పాలని చెప్పిన విషయాలను శ్రద్ధగా చదివారు. అక్కడే ఆయనకు ఇద్దరు మిత్రులు దొరికారు. ఒకరు ఆబిద్ హుసేన్. తత్వశాస్త్రం చదివినవారు, తర్వాతి కాలంలో గాంధీజీ ఆత్మకథను ఉర్దూలోకి తెచ్చినవారు. రెండోవారు మహమ్మద్ ముజీబ్. లక్నోలో కలిగిన న్యాయవాది కుమారుడు, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి ముద్రణ విద్య నేర్చుకునేందుకు బెర్లిన్ వచ్చినవారు.

జామియాను మూసివేయబోతున్నారన్న వార్త అందగానే జాకిర్ హుసేన్ ఢిల్లీకి తంతి పంపారు. తానూ కొందరు మిత్రులూ జామియా కోసం జీవితాలు ఇచ్చేందుకు సిద్ధంగా ఉన్నామని, తాము తిరిగి వచ్చేదాకా దాన్ని మూయవద్దని దాని సారాంశం. పాఠకులు గమనించాలి. ఆ ముగ్గురిలో ఎవరికైనా పెద్ద ఉద్యోగం దొరకడం కష్టమేమీ కాదు. ముజీబ్ సాహెబ్‌నైతే జామియాకు రావద్దని స్వయంగా జాకిర్ హుసేనే వారించారట. ఆ ఇంటి సౌఖ్యాలకు అలవాటుపడినవారు ఆ పేదరికాన్ని తట్టుకోలేరని ఆయన భయం. ముజీబ్ సాహెబ్ వినలేదు. 1926 తొలినాళ్లలో ముగ్గురూ కరోల్‌బాగ్ చేరుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో జాకిర్ హుసేన్ షేఖుల్ జామియా బాధ్యత తలకెత్తుకున్నారు.

చేతికి వచ్చింది ఏమిటి? కొద్దిమంది విద్యార్థులు, కొన్ని అద్దె ఇళ్లు, అప్పులు, ప్రభుత్వం గుర్తించని పట్టా. ఆ పట్టాతో సర్కారు నౌకరీ రాదు. ఉపాధ్యాయుల్లోనూ రకరకాలవారు. అలీగఢ్ నుంచి ఆవేశంతో బయటకు వచ్చినవారు, దేవ్‌బంద్ చదువు చదివినవారు, విదేశాల నుంచి వచ్చినవారు, జామియాలోనే చదివి అక్కడే ఉపాధ్యాయులైనవారు. ఒకరి నడవడి మరొకరికి వింతగా తోచేది. ఇటువంటి చోట కొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయులు సాధారణంగా చేసే పని నియమావళి రాసి గోడకు అంటించడం. జాకిర్ హుసేన్ జీతాల పట్టీతో మొదలుపెట్టారు, అదీ తన పేరుతో. తోటివారు తమ జీతం తగ్గించుకుంటే తాను అంతకంటే తగ్గించుకునేవారు. అందరికంటే ఎక్కువ తీసుకోవలసిన మనిషి అందరికంటే తక్కువ తీసుకుంటుంటే ఇక జీతం గురించి గొణుక్కునేవారెవరు?

1927 డిసెంబరు 29న హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ హఠాత్తుగా మరణించారు. ఆ రోజుతో జామియా నిజంగా అనాథ అయింది. సొంత జేబులోంచి దాన్ని నడిపినవారు వారే. డాక్టర్ అన్సారీ అమీరె జామియా అయ్యారు గాని, సంస్థ బాధ్యత వహిస్తున్న పెద్దల సంఘానికి ఇక దాన్ని మోసే ఉత్సాహం లేదు. ఆ ఘడియలో తీసుకున్న నిర్ణయమే జామియా చరిత్రలో మలుపు అని మేము భావిస్తాం. 1928లో అంజుమనె తాలీమె మిల్లీ అనే సంఘం ఏర్పడింది. దాని సభ్యులు దాతలు కారు, నాయకులు కారు, ఉపాధ్యాయులే. జాకిర్ హుసేన్ ముందు నిలవగా పదకొండు మంది ప్రతిజ్ఞ చేశారు. ఇరవై సంవత్సరాలపాటు జామియాకు సేవ చేస్తామని, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం అడగబోమని ఆ ప్రతిజ్ఞ. సంస్థ నిర్వహణ బాధ్యత కూడా వాళ్ల భుజాల మీదికే వచ్చింది.

ఈ రెండు విషయాలూ కలిపి చూడాలి. త్యాగం ఒక్కటే చేయించి, నిర్ణయాలు మరొకరు తీసుకునే చోట ప్రతిజ్ఞకు అర్థం ఉండదు. జామియాలో తక్కువ జీతానికి ఒప్పుకున్నవారే ఆ సంస్థకు యజమానులు. లెక్కలు వాళ్ల ముందే ఉండేవి, ఏ తరగతి నడపాలో ఏది ఆపాలో వాళ్లే కూర్చుని తేల్చేవారు. నూట యాభై అన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. వాస్తవంలో తీసుకున్నది అంతకంటే చాలా తక్కువ, అదైనా నెలనెలా పూర్తిగా చేతికి అందేది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే మాకు నిద్రపట్టదు. జామియా ఉస్తాదుల త్యాగాన్ని ఈనాడు కొందరు నిర్వాహకులు తమకు అనుకూలంగా వాడుకుంటున్నారు. మాకు తెలిసిన ఒక చోట నాలుగు నెలలుగా జీతాలు అందని ఉపాధ్యాయులను కూర్చోబెట్టి జాకిర్ హుసేన్ కథ చెప్పారు. కిటికీలోంచి చూస్తే బయట కొత్త కమానుకు పాలరాయి తాపడం జరుగుతోంది. జాకిర్ హుసేన్ ఎవరి జీతమూ ఆపి ఎవరికీ త్యాగం బోధించలేదు. ఇంకొకటి, ఆ త్యాగంలో సగం భారం మోసింది ఉస్తాదుల ఇళ్లలోని ఆడవాళ్లు. 1915లో ఆయనను వివాహమాడిన షాజహాన్ బేగం, ఆ సహచరుల భార్యలు ఏ ప్రతిజ్ఞాపత్రం మీదా సంతకం చేయలేదు. అయినా ఇరవై ఏళ్లు దాన్ని నిలబెట్టారు. చరిత్ర రాసేవారు వారిని ఒక్క వాక్యంలో దాటేయడం మాకు న్యాయంగా తోచదు.

డబ్బు విషయంలో మరో పద్ధతి కూడా మార్చారు. ఒకరిద్దరు పెద్ద దాతల మీద ఆధారపడితే ఏమవుతుందో హకీం సాహెబ్ మరణంతో తెలిసివచ్చింది. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ అనే ఉస్తాదు ముందుండి హమ్‌దర్దానె జామియా, అంటే జామియా సానుభూతిపరుల సంఘాన్ని నడిపారు. ఊరూరా సామాన్యుల నుంచి చిన్నచిన్న మొత్తాలు పోగుచేసేవారు. దారుల్ ఉలూం దేవ్‌బంద్‌కు మౌలానా ఖాసిం నానౌతవీ (రహ్మ.) ఏర్పరచిన నియమాల్లో కూడా ప్రజల చందాల మీదనే ఆధారపడాలన్నది ముఖ్యం. హైదరాబాదు నిజాం సర్కారు నుంచి కూడా కొంత సహాయం అందింది. కాని రోజువారీ ఊపిరి ఆ చిన్న చందాలదే. డబ్బు అడగడానికి ఊళ్లు తిరిగిన ఉస్తాదుకు తన బడి ఎందుకు నడుస్తోందో పదిమందికీ వివరించక తప్పదు. చెప్పగా చెప్పగా అది అతనికే స్పష్టపడుతుంది.

మరి వాళ్లందరి ఉమ్మడి ఆశయం ఏమిటి? ఉర్దూలో, అంటే పిల్లలకు తెలిసిన భాషలో చదువు చెప్పాలి. హైదరాబాదులో 1918లోనే ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య మొదలుపెట్టి దారి చూపింది. పిల్లవాడు తన దీన్‌ను, తహ్‌జీబ్‌ను ఎరిగి ఉండాలి, అదే సమయంలో ఈ దేశానికి పనికివచ్చే మనిషి కావాలి. చదువు సర్కారు నౌకరీకి మెట్టు మాత్రమే కాకూడదు. చేతిపని అవమానం కాదు. ఇంతే. పదకొండు మందికీ నోటికి వచ్చే నాలుగు విషయాలు. వాటిని ఎలా ఆచరించాలన్న దగ్గర మాత్రం తెగని వాదాలు సాగేవి, సాగనిచ్చేవారు కూడా.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చినప్పుడు ఆ ఉమ్మడి మాటకు గట్టి పరీక్ష ఎదురైంది. ఉద్యమంలో పుట్టిన సంస్థ ఉద్యమంలో దూకకపోతే ద్రోహం కాదా అని కొందరు. దూకితే సర్కారు తాళం వేస్తుంది, పిల్లల చదువు ఏమవుతుందని కొందరు. సంస్థగా జామియా రాజకీయ పోరాటంలోకి దిగదని, దాని పని విద్య అని జాకిర్ హుసేన్ నిశ్చయించారు. వ్యక్తిగతంగా వెళ్లదలచినవారు సంస్థ బాధ్యతల నుంచి తప్పుకొని వెళ్లవచ్చు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయీ అలాగే వెళ్లి జైలు చూసి వచ్చారు. వచ్చాక ఆయన చోటు ఆయనకు ఉంది. వెళ్లినవారు ఉండిపోయినవారిని పిరికివాళ్లు అనలేదు, ఉండిపోయినవారు వెళ్లినవారిని బాధ్యత లేనివాళ్లు అనలేదు. మా అభిప్రాయంలో ప్రతిజ్ఞ కంటే ఇదే కష్టమైన పని.

షేఖుల్ జామియా దృష్టి ఎప్పుడూ చిన్నపిల్లల బడి మీదనే ఉండేది. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ అనే ఉపాధ్యాయుణ్ణి పంజాబులోని మోగాకు పంపి, పిల్లలు ఏదో ఒక పని తలపెట్టి దాని చుట్టూ పాఠాలన్నీ నేర్చుకునే పద్ధతిలో శిక్షణ ఇప్పించారు. మోగాలోది క్రైస్తవ మిషనరీల పాఠశాల. మంచి పద్ధతి ఎక్కడుంటే అక్కడికి వెళ్లడానికి జామియావారికి సంకోచం లేదు. ముధోలీ సాహెబ్ తిరిగివచ్చాక పిల్లలే బ్యాంకు నడిపారు, పిల్లలే దుకాణం నడిపారు. లెక్కలు అక్కడే వచ్చేవి, నిజాయితీ కూడా అక్కడే తేలేది. ఏటా స్థాపనదినానికి తాలీమీ మేళా జరిగేది.

పిల్లలు మాసిన బూట్లతో వస్తున్నారని, ఎన్నిసార్లు చెప్పినా వినడంలేదని ఒక రోజు ఆయన బడి గేటు దగ్గర బ్రష్షూ పాలిషూ పెట్టుకుని కూర్చున్నారని చెప్పుకుంటారు. డాక్టరేట్ పొందిన షేఖుల్ జామియా బూట్లు తుడుస్తుంటే పిల్లలు సిగ్గుపడి మర్నాటి నుంచి తామే తుడుచుకు వచ్చారట. ఇది అందరూ చెప్పే కథే. మేము ఎక్కువగా ఆలోచించేది ఆ దృశ్యాన్ని చూసిన ఉపాధ్యాయుల గురించి. ఆ రోజు తర్వాత ఇది నా పని కాదు అనే మాట ఆ బడిలో ఎవరి నోట వస్తుంది?

1933 ప్రాంతంలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే జర్మన్ యూదు మహిళ జామియాకు వచ్చి చేరారు. బెర్లిన్ రోజుల నుంచి ఈ ముగ్గురు మిత్రులకూ పరిచయమున్న వ్యక్తి. చిన్నపిల్లల బడిలో, వసతిగృహంలో పనిచేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ జాతీయురాలని ఆంగ్లేయ ప్రభుత్వం ఆమెను కొంతకాలం నిర్బంధించింది. విడుదలై మళ్లీ జామియాకే వచ్చి, 1943లో జబ్బుతో మరణించారు. జామియా కబరస్తానులోనే ఆమె సమాధి ఉంది. ఒక యూదు స్త్రీ ఇస్లామియా అన్న పేరున్న బడిలో పిల్లలకు అక్కయ్య కాగలిగిందంటే ఆ వాతావరణం ఎటువంటిదో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

మరొక సంఘటన రాయడానికి మాకు చేయి ఆడదు. ఒకసారి జాకిర్ హుసేన్ సాహెబ్ ప్రాథమిక పాఠశాల పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. నౌకరు వచ్చి ఇంట్లో చిన్నకూతురు రైహానాకు చాలా జబ్బుగా ఉందని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి అతడే మళ్లీ వచ్చి పాప చనిపోయిందన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. చేయి మాత్రం ఆగలేదు. సంగతి తెలిసినవారు వచ్చి అడిగితే, పిల్లలు అంత సంతోషంగా ఉన్నారు, దాన్ని చెడగొట్టాలనిపించలేదన్నారట. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆయన తలగడ కన్నీళ్లతో తడిసి ఉండేదని ఇల్లాలు చెప్పినట్లు ముజీబ్ సాహెబ్ రాశారు. ఇలా ప్రతి ఉపాధ్యాయుడూ చేయాలని మేము అనం. ఇంటివారి హక్కు కూడా హక్కే. ఆ తండ్రి గుండె ఎటువంటిదో తర్వాత తెలిసింది. పిల్లల కోసం ఆయన రాసిన అబ్బూఖాన్ మేక మొదలైన కథలు అచ్చయినప్పుడు రచయిత పేరు రుఖయ్యా రైహానా అని ఉంది.

1935 మార్చి 1న ఢిల్లీకి దక్షిణాన, అప్పటికి ఎవరికీ పట్టని ఓఖ్లా అనే పల్లెలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. నవాబులను, నాయకులను పిలవవచ్చు. పునాదిరాయి పెట్టింది మాత్రం జామియాలో అందరికంటే చిన్న విద్యార్థి. 1936లో ముద్రణాలయం, మక్తబా, గ్రంథాలయం తప్ప మిగిలిన విభాగాలన్నీ అక్కడికి తరలాయి. 1938లో ఉపాధ్యాయ శిక్షణ కోసం ఉస్తాదోఁకా మదర్సా మొదలైంది.

అంతకు ముందు ఏడాది, 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా సాగే చదువును ప్రతిపాదించారు. పిల్లల ఉత్పత్తితోనే బడి ఖర్చు రావాలన్నది అందులో ఒక భాగం. జాకిర్ హుసేన్ లేచి, పని ద్వారా చదువు కొత్త ఆలోచన కాదని, బడి తన ఖర్చు తాను రాబట్టుకోవాలన్న పట్టుదల పెరిగితే ఉపాధ్యాయులు పిల్లల చేత గొడ్డుచాకిరీ చేయించే ప్రమాదం ఉందని గాంధీజీ ఎదుటనే చెప్పారు. గాంధీజీ నొచ్చుకోలేదు. పథకం తయారుచేసే కమిటీకి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. పెద్దల ఎదుట భిన్నాభిప్రాయం చెప్పడం ఆయనకు జామియా సమావేశాల్లో అలవాటైన పనే. ఈ పథకం వల్ల ముస్లింలలో చాలామంది ఆయన మీద ఆగ్రహించారు. కాంగ్రెసు మనిషి అన్నారు. అటువైపు కొందరికి జామియాలోని ఇస్లామియా అన్న మాటే కంటిలో నలుసు. రెండువైపుల మాటలూ పడుతూ బడి నడిచింది.

1946 నవంబరులో జరిగిన రజతోత్సవానికి నెహ్రూ, మౌలానా ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఒకే వేదిక మీదికి వచ్చారు. దేశం రెండుగా చీలబోతున్న రోజులవి. జాకిర్ హుసేన్ ఆ పెద్దలందరినీ ఉద్దేశించి, దేశంలో రాజుకుంటున్న ద్వేషాగ్నిని ఆర్పమని, అది ఎవరు రాజేశారన్న విచారణకు ఇది సమయం కాదని వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947 ఆగస్టులో ఆయన ప్రయాణంలో ఉండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూక చేతికి చిక్కారు. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ప్రాణం కాపాడారు. సెప్టెంబరులో కరోల్‌బాగ్‌లోని మక్తబా దోపిడీకి గురై తగలబడింది. ఏళ్ల తరబడి కూడబెట్టిన పుస్తకాలు బూడిదయ్యాయి. ఓఖ్లాలో ఉస్తాదులూ విద్యార్థులూ రాత్రుళ్లు కాపలా కాశారు. అదే ఉస్తాదులు పగలు శరణార్థి శిబిరాలకు వెళ్లి సేవ చేశారు. ఎవరి చేతుల్లో మక్తబా కాలిపోయిందో ఆ నగరాన్ని వదిలి వెళ్లిపోయే అవకాశం ఉండి కూడా వాళ్లలో చాలామంది ఉండిపోయారు.

1948 నాటికి ఇరవై ఏళ్ల గడువు పూర్తయింది. ఆ సంవత్సరమే జాకిర్ హుసేన్ సాహెబ్‌ను అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పిలిచారు. విభజన తర్వాత ఆ విశ్వవిద్యాలయం మనుగడే ప్రశ్నార్థకమైన సమయం అది. 1920లో తాను ఏ ప్రాంగణం నుంచి బయటికి నడిచారో అక్కడికే తిరిగివెళ్లి 1956 వరకు దాన్ని నిలబెట్టే పనిలో ఉన్నారు. ఆయన లేకపోతే జామియా ఏమవుతుందని అప్పట్లో భయపడినవారున్నారు. ఆయన స్థానంలో ముజీబ్ సాహెబ్ షేఖుల్ జామియా అయ్యారు. ఏ మనిషి ఈ పేదరికాన్ని తట్టుకోలేరని మిత్రుడు భయపడ్డారో ఆ మనిషే 1973 వరకు, పాతికేళ్లపాటు ఆ పీఠంలో ఉన్నారు. 1962లో జామియాకు విశ్వవిద్యాలయంతో సమానమైన హోదా, 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించాయి.

రాష్ట్రపతి పదవిలో ఉండగానే 1969 మే 3న జాకిర్ హుసేన్ సాహెబ్ పరమపదించారు. ఆ పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయనే. ఓఖ్లాలో, జామియా ప్రాంగణంలోనే ఆయనను ఖననం చేశారు.